ఏడాది పాప పొడవు – పదిహేనేళ్ళ పిల్ల చదువు

ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. పక్కనున్న స్నేహితుణ్ణి ఏవైనా నాలుగు అంకెలు చెప్పమనండి. 7, 2, 9, 4 అన్నాడనుకోండి. కాగితం, కలం ముట్టుకోకుండా మీరు వాటిని చివరినుంచి మొదటికి అప్పజెప్పాలి: 4, 9, 2, 7. వచ్చిందా? ఇప్పుడు ఐదంకెలు. తర్వాత ఆరు. ఎక్కడో ఒకచోట మీ బండి ఆగిపోతుంది. సిగ్గుపడనక్కరలేదు, ఎవరికైనా ఎక్కడో ఒకచోట ఆగవలసిందే.

ఈ ఆటలో మీ మెదడు ఏం చేసింది? విన్న అంకెల్ని కాసేపు పట్టి ఉంచింది. పట్టి ఉంచుతూనే తిరగేసింది. ఈ శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. 38ని 7తో నోటిలెక్కగా హెచ్చవేసేటప్పుడు మీరు వాడేది దీన్నే. పొడుగాటి వాక్యం చివరికి వచ్చేసరికి దాని మొదలు మరిచిపోకుండా ఉండటానికీ ఇదే కావాలి. దీనికి తోబుట్టువులాంటి శక్తి ఇంకొకటుంది. నాలుక చివరిదాకా వచ్చిన తొందరపాటు జవాబును ఒక్క క్షణం ఆపి, సరిచూసుకోగలగడం. లెక్కలు నేర్చుకోవాలన్నా, రేపు మోటారు బాగుచెయ్యడం నేర్చుకోవాలన్నా ఈ రెండూ పునాదిరాళ్ళు.

పెరూ, ఇథియోపియా దేశాలలో సుమారు పన్నెండేళ్ళ పిల్లల చేత పరిశోధకులు ఇలాంటి ఆటలే టాబ్లెట్ తెరమీద ఆడించారు. ఆ పిల్లలు చంటివాళ్ళుగా ఉన్నప్పటినుంచి కొలిచిన ఎత్తులు, బరువులు వాళ్ళ దగ్గర ఉన్నాయి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఐదేళ్ళ వయసులో ఎత్తు బాగా తక్కువగా ఉన్న పిల్లలు, ఏళ్ళ తర్వాత ఈ ఆటలలో సగటున వెనకబడి ఉన్నారు.

ఆగండి! వెంటనే మీ తరగతిలో పొట్టిగా ఉన్నవాడి వంక చూడకండి. ఇక్కడ "సగటున" అన్న మాట చాలా ముఖ్యం. పొట్టివాళ్ళలో లెక్కల పులులు ఎందరో ఉన్నారు, పొడుగువాళ్ళలో నిద్రమొహాలూ ఉన్నాయి. ఎత్తునుంచి తెలివి పుట్టదు. మరి రెండింటికీ సంబంధం ఎక్కడిది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో పసిపిల్లల్ని కొలిపించింది. మంచి తిండి, శుభ్రమైన ఇల్లు, వైద్యం అందుతున్న పిల్లల్నే ఎంచుకుంది. తేలిందేమిటంటే, ఐదేళ్ళ లోపు పిల్లలు ఆరు దేశాలలోనూ ఇంచుమించు ఒకే తీరుగా పెరుగుతారు! ఢిల్లీ పాప ఓస్లో పాపకు తీసిపోలేదు. ఆ కొలతల ప్రకారం ఏడాది నిండిన మగపిల్లవాడు సుమారు 76 సెంటీమీటర్లు, ఆడపిల్ల 74 సెంటీమీటర్లు ఉంటారు. మగపిల్లవాడు 71కీ, ఆడపిల్ల 69కీ తగ్గితే ఎదుగుదల గిడసబారినట్టు లెక్క. అమ్మానాన్నల పొడుగు కొంత పనిచేస్తుంది, కాదనను. కాని ఒక ఊళ్ళో పిల్లలు మూకుమ్మడిగా గిడసబారారంటే కారణం వంశం కాదు. తిండి చాలలేదు, విరేచనాలు మళ్ళీమళ్ళీ పట్టుకున్నాయి, నీళ్ళు బాగాలేవు. పసివాడి పొడవు అంటే ఆ ఇంటి కష్టాలు రాసిపెట్టిన చిట్టా అన్నమాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 35.5 మంది ఇలా గిడసబారి ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1.

ఎముకకు కరవు వచ్చిన రోజుల్లోనే మెదడుకూ కరవు వస్తుంది. అదీ అసలు సంబంధం. పుట్టినప్పుడు మెదడు బరువు పెద్దవాళ్ళ మెదడులో పావు వంతు. రెండేళ్ళకల్లా దాదాపు ముప్పావు వంతు అయిపోతుంది. ఇంత వేగంగా పెరిగే అవయవం మరొకటి లేదు. అందుకే పసివాడు ఊరకే పడుకుని ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో సగానికి పైగా మెదడే మింగేస్తుంది. నాడీకణాలు ఒకదానికొకటి చేతులు చాచి సంధులు కట్టుకునేదీ, నాడీ తంతువులకు కొవ్వు తొడుగు ఏర్పడేదీ ఎక్కువగా అప్పుడే. ఈ పనికి ఇనుము కావాలి, అయొడిన్ కావాలి, మాంసకృత్తులు కావాలి. గర్భంలోని తొమ్మిది నెలలూ తర్వాతి రెండేళ్ళూ కలిపితే సుమారు వెయ్యి రోజులు. ఆ వెయ్యి రోజుల మీద శాస్త్రజ్ఞులు అంత పట్టుపట్టడానికి కారణం ఇదే.

"ఇదంతా నిజమేనా? పేదవాళ్ళ పిల్లలకి పుస్తకాలు లేవు, బడి దూరం. అందుకే వెనకబడ్డారేమో, తిండివల్లేనని ఎలా చెప్తారు?" అని మీలో ఒకరైనా అడగాలి. అడగకపోతే సైన్సు పాఠం ఒంటబట్టలేదన్నమాటే. ఈ చిక్కు విప్పడానికి మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ఒక ప్రయోగం జరిగింది. 1969లో మొదలై 1977 దాకా నడిచింది. నాలుగు పల్లెలు తీసుకున్నారు. రెండు కాస్త పెద్దవి, రెండు చిన్నవి. ఒక పెద్ద పల్లెలో, ఒక చిన్న పల్లెలో "అతోలే" అనే జావ పోశారు. పాలపొడి, మాంసకృత్తులున్న పిండి, పంచదార కలిపి కాచిన జావ. మిగతా రెండు పల్లెల్లో "ఫ్రెస్కో" అనే తియ్యటి పానీయం ఇచ్చారు. అందులో మాంసకృత్తులు లేవు. గర్భిణులూ బాలింతలూ పిల్లలూ ఎవరైనా వచ్చి తాగవచ్చు. వైద్యం నాలుగు ఊళ్ళలోనూ ఉచితమే.

జావ మంచిదని తెలిసినప్పుడు ఆ తియ్యనీళ్ళు ఎందుకు పోసినట్టు? ఆలోచించండి. రోజూ తల్లులు ఒకచోట చేరతారు, కబుర్లు చెప్పుకుంటారు, పట్నంనుంచి వచ్చినవాళ్ళు పిల్లల్ని పలకరిస్తారు. పిల్లలు చురుకైతే అది జావ మహిమా, ఈ సందడి మహిమా? రెండుచోట్లా సందడి ఒకటే అయితే, మిగిలిన తేడా జావది. మీరు ప్రయోగశాలలో ఒక మొక్కకు ఎరువు వేసి, పక్కదానికి వెయ్యకుండా ఉంచుతారే, అదే సూత్రం.

ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యారు. 2002–04లో పరిశోధకులు వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళారు. అప్పటికి వాళ్ళ వయసు 25 నుంచి 42 ఏళ్ళు. పుట్టిన రెండేళ్ళలోపు అతోలే అందిన మగవాళ్ళు, గంటకు సంపాదించే డబ్బు మిగతావాళ్ళకన్నా 46 శాతం ఎక్కువ! మూడేళ్ళు దాటాక అందినవాళ్ళకు ఆ లాభం కనపడలేదు. ఆడవాళ్ళు సగటున ఒక తరగతికి పైగా ఎక్కువ చదివారు. చదివి అర్థంచేసుకునే పరీక్షలో ఆడా మగా ఇద్దరికీ మార్కులు పెరిగాయి. కాని ఆడవాళ్ళ సంపాదనలో మాత్రం తేడా రాలేదు. నేర్పు ఉంటే చాలదు, దానికి తగ్గ పని దొరకాలి కదా!

ఇక్కడితో "తిండి పెడితే అంతా సరి" అనుకుంటే కథ సగమే విన్నట్టు. జమైకా దీవి రాజధాని కింగ్‌స్టన్‌లో, పేదల వాడల్లో, 1986–87లో మరో ప్రయోగం మొదలైంది. సాలీ గ్రాంథామ్-మెక్‌గ్రెగర్, సూసన్ వాకర్, క్రిస్టిన్ పవెల్ అనే పరిశోధకులు దాన్ని నడిపారు. అప్పటికే గిడసబారిన 129 మంది పసివాళ్ళని తీసుకున్నారు. వయసు 9 నుంచి 24 నెలలు. నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు వారానికి కిలో పాలపొడి. రెండో జట్టుకు పాలపొడి లేదు, వారానికి ఒక గంట ఆట. మూడో జట్టుకు రెండూ. నాలుగో జట్టుకు రెండూ లేవు. ఇలా రెండేళ్ళు.

ఆ గంటసేపు ఏం చేశారో చూడండి. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చేది. పెద్ద చదువులు చదివిన మనిషి కాదు, మన అంగన్‌వాడీ టీచరులాంటి మనిషే. ఆమె చేతిలో ఉన్నవి పారేసిన ప్లాస్టిక్ సీసాలు, మూతలు, అట్టముక్కలతో చేసిన బొమ్మలు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని పిల్లవాడితో ఆడేది. వస్తువు చూపించి పేరు చెప్పడం, లోపల వెయ్యడం, బయటికి తియ్యడం, పెద్దదేదో చిన్నదేదో అడగడం, వాడు ఏదో అంటే దానికి జవాబివ్వడం, బాగా చేస్తే మెచ్చుకోవడం. వెళ్తూ బొమ్మలు అక్కడే వదిలేది, మరుసటి వారం మార్చేది. అసలు పాఠం తల్లికే. మిగతా ఆరు రోజులూ ఆడించేది ఆవిడే కదా.

ఆ పిల్లలకు 22 ఏళ్ళు వచ్చినప్పుడు లెక్క తీశారు. ఆటల జట్లవాళ్ళ సంపాదన, ఆటలు లేనివాళ్ళకన్నా 25 శాతం ఎక్కువ. పసితనంలో గిడసబారని ఇరుగుపొరుగు పిల్లలతో దాదాపు సమానం. 31 ఏళ్ళ వయసుకు ఆ తేడా 37 శాతానికి పెరిగింది. పాలపొడి మొదట్లో మేలు చేసింది గాని, దాని ఫలితం పెద్దయ్యేదాకా నిలవలేదు. గ్వాటెమాలాలో నిలిచిందిగా అంటారేమో. అక్కడ జావ కడుపులో ఉన్నప్పటినుంచే అందింది. కింగ్‌స్టన్‌లో పాలు మొదలయ్యేసరికే పిల్లలు గిడసబారి ఉన్నారు. ఈ తేడాను మరిచిపోకూడదు.

మాటకూ మెదడుకూ ఏమిటి లంకె? పసిమెదడులో నాడీ సంధులు అవసరానికి మించి పుడతాయి. వాడకంలో ఉన్నవి గట్టిపడతాయి, వాడనివి రాలిపోతాయి. పొలంలో మనుషులు నడిచిన చోట బాట పడుతుంది, నడవని చోట గడ్డి మొలుస్తుంది. పిల్లవాడితో మాట్లాడిన ప్రతిసారీ ఆ బాటమీద ఒకరు నడిచినట్టే. పొద్దున్నే నాట్లకో, ఇటుక బట్టీకో వెళ్ళి చీకటిపడ్డాక వచ్చే తల్లికి పిల్లతో కబుర్లాడే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? తప్పు ఆమెది కాదు. మీ ఇంట్లో ఏడాది తమ్ముడో చెల్లెలో ఉంటే ఆ గంట మీ చేతుల్లోనే ఉంది. సీసా మూతలకు కరవు లేదు.

ఇక మన సంగతి. మొదట చెప్పిన పెరూ, ఇథియోపియా పిల్లలు "యంగ్ లైవ్స్" అనే పెద్ద అధ్యయనంలోని వారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఈ అధ్యయనంలో ఉన్నవి నాలుగు దేశాలు. ఆ రెండూ కాక వియత్నాం ఒకటి, నాలుగోది ఇండియా. ఇండియాలో ఎంచుకున్నది ఎక్కడనుకున్నారు? అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్! శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, హైదరాబాదు నగరం. 2002లో సుమారు 3,000 మంది పిల్లలతో మొదలుపెట్టారు. రెండువేల మంది ఏడాది వయసువాళ్ళు, వెయ్యి మంది ఎనిమిదేళ్ళవాళ్ళు. కొన్నేళ్ళకొకసారి వెళ్ళి కొలిచారు, పరీక్షించారు. ఒక పరీక్షలో నాలుగు బొమ్మలు చూపించి ఒక మాట చెప్తారు. ఆ మాటకు తగిన బొమ్మమీద పిల్లవాడు వేలు పెట్టాలి. అంతే.

నాలుగు దేశాల లెక్కలూ కలిపి చూసినప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన ఫలితం 2013లో వెలువడింది. ఏడాది వయసులో గిడసబారి, ఎనిమిదేళ్ళకల్లా మళ్ళీ అందుకున్న పిల్లలు ఉన్నారు. అప్పటికీ గిడసబారే ఉన్నవాళ్ళతో పోలిస్తే వీళ్ళు మాటల పరీక్షలోనూ, లెక్కల్లోనూ, చదవడంలోనూ మెరుగు. అంటే వెయ్యి రోజులు దాటగానే తలుపు ధడేలున మూసుకుపోదు, సన్నగిల్లుతుంది. ఆరో తరగతి పిల్లవాణ్ణి "మొద్దు" అని చివరి బల్లకు పంపే పంతుళ్ళు ఈ ఒక్క పేజీ చదివితే బాగుండు.

అందుకోవడానికి ఏది సాయపడింది? దానికీ మన జిల్లాల్లోనే ఒక జవాబు దొరికింది. 2002లో వానలు మొహం చాటేశాయి. తీవ్రమైన కరవు. ఆ పిల్లలు అప్పుడు ఏడాదివాళ్ళు, సరిగ్గా మెదడు ఆకలిగొన్న వయసు. మరోవైపు 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనం పెట్టమని ఆదేశించింది, 2003 జనవరినుంచి మన బడుల్లో అమలైంది. కరవు దెబ్బతిన్న ఇళ్ళ పిల్లలు బడికి వచ్చాక వాళ్ళ ఎత్తు, బరువు పరిశీలించారు. మధ్యాహ్న భోజనం తిన్నవారిలో, కరవు మిగిల్చిన లోటు చాలావరకు పూడింది. మీరు క్యూలో పళ్ళెం పట్టుకుని "ఇవాళ కూడా పప్పేనా" అని సణిగే ఆ భోజనమే.

దాని లెక్క అక్కడితో తేలలేదు. 2021లో వెలువడిన మరో పరిశీలనలో, దేశమంతటి సర్వేలు తీసుకుని, చిన్నప్పుడు బడిలో భోజనం అందిన ఆడపిల్లల్నీ అందనివాళ్ళనూ పోల్చారు. భోజనం అందినవాళ్ళు ఎక్కువ చదివారు, ఆలస్యంగా తల్లులయ్యారు, కాన్పుకు ఆసుపత్రికి వెళ్ళారు. వాళ్ళు ఆ అన్నం తిన్నది ప్రాథమిక పాఠశాలలో. కొన్నేళ్ళ తర్వాత వాళ్ళకు పుట్టిన పిల్లల్ని కొలిస్తే, ఎత్తు ఎక్కువగా ఉంది.