పాత కారు బానెట్టు క్రింద

కూచిపూడిలోనో, పామర్రులోనో తాతగారి నాటి అంబాసిడరు కారొకటి పెరటి పాకలో ఉన్నదనుకొందము. దానిని మరల నడుపగోరి మనుమడు బానెట్టు ఎత్తును. బ్యాటరీని, రేడియేటరును గుర్తించును. తక్కిన డబ్బాలు, గొట్టములు, తీగెలు ఏవియో తెలియవు. తెలియనిది అక్కరలేనిదని తోచుట సహజము. చిక్కంతయు అచ్చటనే పుట్టును.

హిందుస్థాన్ మోటార్సు వారు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాననుసరించి 1957లో ఈ బండి తయారీ నారంభించిరి, 2014లో నిలిపివేసిరి. ఈ నడుమ ఇంజన్లు మారినవి, కార్బురేటర్లు మారినవి. ఎందరో మిస్త్రీలు దొరికిన సామానుతో సరిపెట్టినారు. అందుచేత పుస్తకములోని పటము ఎదుటనున్న బండితో సరిపోలకపోవచ్చును. పేరు వెదకుటకంటె దారి వెదకుట మేలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బ్యాటరీ తీగె విప్పి, ప్రతి గొట్టము ఎచ్చట బయలుదేరి ఎచ్చటికి పోవుచున్నదో వ్రేలితో వెంబడింపవలెను.

కార్బురేటరు నుండి సన్నని గొట్టమొకటి డిస్ట్రిబ్యూటరు ప్రక్కనున్న గుండ్రని డబ్బాకు పోవును. ఇందులో పెట్రోలు పారదు. ఇంజను పీల్పు డబ్బాలోని పలుచని పొరను లాగగా, బరువు తక్కువగా ఉన్న వేళ నిప్పురవ్వ కొంచెము ముందుగా పుట్టును. పొర చినిగినను బండి నడచును. పెట్రోలు మాత్రము ఎక్కువ త్రాగును. గొట్టమును కార్బురేటరు వద్ద విప్పి, కొనను నోటితో పీల్చి నాలుకతో మూయుడు. పట్టు నిలిచినచో పొర బాగున్నదన్నమాట.

ఇంతకంటె మోసకారి మరొకటి కలదు. ఇంజను వెనుక రేకుగోడపై నల్లని మూతగల పెట్టె; దాని మరలవద్ద ఎ, ఎఫ్, డి, ఇ అను ఆంగ్లాక్షరములు. ఇది రెగ్యులేటరు. షెడ్డులో కటౌటు అందురు. లోపల రెండు తీగెచుట్లు కలవు. డైనమో ఆగినప్పుడు బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు పోకుండ ఒకటి దారి తెంచును; డైనమో వోల్టేజి హద్దు మీరకుండ రెండవది చూచును. డైనమో తీసి ఆల్టర్నేటరు అమర్చిన బండిలో దీనికి ఈ పనులు లేవు. అయినను లైట్లకు, హారనుకు పోవు తీగెలు కలియు కూడలిగా అది మిగిలియుండవచ్చును. పనిలేనిదని ఊడబెరికినచో ఆ రాత్రి చీకటిలోనే ఇల్లు చేరవలెను!

కొన్ని బండ్లపై ఎస్.యు. కార్బురేటరు ఉండును. దాని గోపురము వంటి పైభాగమున చిన్న మూత కలదు. విప్పగా నూనె కనబడును. అది కారి చేరినది కాదు. ముషలకము ఒక్కుమ్మడిగా ఎగురకుండ ఉంచినది. దానిని తుడిచివేసినచో యాక్సిలరేటరు త్రొక్కినప్పుడు ఇంజను తడబడును.

బ్రేకు ఆయిలు డబ్బా విషయమున మాత్రము ఊహ పనికిరాదు. దానినుండి బయలుదేరు లోహపు గొట్టములు చక్రములవైపు పోవును. అందు ఇంజను ఆయిలు పోసినచో లోపలి రబ్బరు కప్పులు ఉబ్బిపోవును. కాలువగట్టు మలుపులో త్రొక్కిన బ్రేకు పట్టకపోవుట అట్టి పొరపాటువలన కలుగవచ్చును. పోసినట్లు అనుమానమున్నను బండిని కదల్పక మెకానిక్కును పిలువవలెను.

ప్లగ్గుల తీగెలు విప్పుటకు ముందు అంకెలు వేసిన చీటీలు కట్టుడు. నాలుగు సిలిండర్ల పెట్రోలు అంబాసిడరులో నిప్పు వరుస 1-3-4-2. విజయవాడ ఆటోనగరుకు పోవునప్పుడు పేరు వ్రాసుకొని పోవుటకంటె, పాత వస్తువునే కాగితములో చుట్టి తీసికొనిపోవుడు. ఒకే సామానుకు వీధికొక పేరు కలదు.