ఉప్పలపాడులో పక్షుల విడిది

పొన్నూరులో కాపురముంటూ చుట్టాలకు ఆంజనేయస్వామినీ, సహస్రలింగేశ్వరుణ్ణీ చూపించడం మాకు అలవాటే. వేల కొంగలు కాపురముంటున్న చెరువొకటి మన గుంటూరు పక్కనే ఉందంటే మాత్రం చాలామంది నమ్మరు. ఆ చెరువు పెదకాకాని మండలం ఉప్పలపాడులో ఉంది. మొన్న చలికాలంలో ఒక ఆదివారం మా ఆవిడనూ, పిల్లలనూ, పులిహోర కారియరునూ వెంటబెట్టుకుని బయలుదేరాను.

“పక్షుల కేంద్రమంటే అడవి ఉండొద్దూ, నాన్నా?” అన్నాడు మావాడు. అడవేమీ లేదు. ఊరిని ఆనుకునే చెరువు, నీళ్ళలో తుమ్మ చెట్లు, చెట్లకు ఆకులకంటే పక్షులే ఎక్కువ! నాలుగైదు కిలోల బరువు తూగే గూడబాతు రెక్కలు చాచి వచ్చి కొమ్మమీద వాలితే, కొమ్మ విరుగుతుందేమోనని మనకే భయం వేస్తుంది. గులాబీరంగు ఈకల ఎర్రకాళ్ళ కొంగలు, తెల్లకంకణాలు, నత్తలు ఏరుకు తినే నత్తగుల్ల కొంగలు, రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు — అన్నీ ఒక్కచోటే సంసారం చేస్తున్నాయి.

నీళ్ళలో కొన్ని ఇనుప మంచెలు నిలబెట్టి ఉన్నాయి. ఏళ్ళ తరబడి రెట్ట పడితే ఎంతటి చెట్టైనా మోడువారుతుంది. చెట్టు పోతే గూడు లేదు, గూడు లేకపోతే పక్షి రాదు. అందుకని అటవీశాఖవారు ఈ ఇనుప చెట్లు నాటారు. పక్షులు పేచీ పెట్టకుండా వాటిమీదా పుల్లలు పేర్చుకున్నాయి.

రెట్ట అంటే గుర్తుకొచ్చింది. ఆ వాసన భరించడం తేలిక కాదు. గట్టుమీద కూర్చున్న ఒక పెద్దావిడను మా ఆవిడ ఆ మాటే అడిగింది.

“కష్టమే తల్లీ. అయినా పురిటికి వచ్చిన పిల్లను వాసనొస్తోందని పొమ్మంటామా?” అన్నదావిడ.

ఆ ఒక్కమాటలో ఉంది ఈ చెరువు రహస్యమంతా. ఇక్కడ పక్షిమీద రాయి వేస్తే ఊరుకోరు.

తమిళనాట వేడంతాంగళ్ రైతులు 1798లోనే తమ చెరువు పక్షులను ఎవరూ కొట్టకుండా చెంగల్పట్టు కలెక్టరుచేత పట్టా రాయించుకున్నారు. రెట్ట కలిసిన చెరువునీరు వారి పొలాలకు ఎరువు. తమకూ లాభముంది కనుక కాపాడుకున్నారు. రాబడి లేకపోయినా ఓర్చుకునేవారిని ఏమనాలి?

ఓర్పు కరువైతే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూడవచ్చు. 1946లో తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడు గ్రామంలో కేరళ పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనుగొన్నారు. తరువాతి దశాబ్దాలలో అది అంతరించింది. ఇక కొల్లేరు సంగతి. దానిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అయినా సరస్సులో చేపల చెరువుల గట్లు లేస్తూనే వచ్చాయి. చివరకు 2006లో ప్రభుత్వం యంత్రాలు పెట్టి గట్లు తెగగొట్టించవలసి వచ్చింది. పక్షికి నీరు దక్కాలి, నిజమే. ఆ గట్లమీద కూలి చేసుకు బతికినవారి పొయ్యిలో పిల్లి లేవవద్దా? ఆ చిక్కుముడి నేటికీ పూర్తిగా విడలేదు.

ఉప్పలపాడు చెరువు కొల్లేరు ముందు చేటంత కూడా కాదు. కాని చిన్న చెరువుకు పెద్ద ధైర్యం దాని ఊరే. ఆ బరువంతా ఊరివారి నెత్తినే వదలడం న్యాయం కాదు. చెరువులో నీరు ఎండకుండా, మోడైన చెట్టుకు బదులు మొక్క లేచేలా చూడవలసిన బాధ్యత చూసిపోయే మనకూ, పాలించేవారికీ ఉంది.

వెళ్ళదలచినవారు చలికాలంలో వెళ్ళండి. పొద్దు వాలే వేళకు చేరుకుంటే మేతకు పోయిన పక్షులు బారులు తీరి తిరిగిరావడం కనబడుతుంది. బైనాక్యులర్సుంటే తీసుకువెళ్ళండి. కేకలూ, పొట్లాల కాగితాలూ మాత్రం ఇంటిదగ్గరే వదిలి వెళ్ళండి.