కల్వర్టు దాటే గొట్టం లెక్క

గుడివాడ నుంచి బందరుకో, బందరు నుంచి అవనిగడ్డకో వెళ్లే దారుల్లో చాలా కల్వర్టుల పక్కన ఒక మంచినీళ్ల గొట్టం కనిపిస్తుంది. రోడ్డు అంచున భూమిలో వచ్చిన గొట్టం గట్టు దగ్గర పైకి లేచి, కాస్త పక్కకు జరిగి, పిట్టగోడను ఆనుకుని కాలువ దాటి, అవతల మళ్లీ నేలలోకి దిగిపోతుంది. పైకి లేవడం, పక్కకు జరగడం రెండూ ఒకే వాలు ముక్కతో ముగిస్తే దాన్ని ఫిట్టర్లు రోలింగ్ ఆఫ్‌సెట్ అంటారు. ఆ ముక్క ఎంత పొడవు కోయాలి, దాని రెండు చివరలా ఎల్బోలను ఎంత తిప్పి బిగించాలి? గొట్టాల పనిలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే లెక్క ఇదే.

డెల్టా కింది భాగంలో ఈ లెక్కకు విలువ ఎక్కువ. ఇక్కడ చాలాచోట్ల భూగర్భజలం ఉప్పన, బోరు నీళ్లు నోట పెట్టుకోలేం. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువల్లో వచ్చే కృష్ణ నీటినే సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల్లో నింపుకుని, వడకట్టి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి ఊళ్లకు వదలాలి. దివిసీమకైతే ఆ కాలువే పులిగడ్డ అక్విడక్టు మీదుగా కృష్ణ పాయను దాటి రావాలి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన తరానికి తియ్యని నీటి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. నేల బల్లపరుపు కాబట్టి ట్యాంకు ఎత్తే నీటికున్న బలం. 12 మీటర్ల ఎత్తు ఇచ్చే పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 1.2 కిలోలు, అంతే. దారిలో పంట కాలువ, మురుగు కాలువ ఎదురైన ప్రతిచోటా గొట్టం ఎక్కి దిగాల్సిందే.

ముందు నిలువుగా లేపి, తర్వాత పక్కకు జరిపితే నాలుగు ఎల్బోలు, ఎనిమిది అతుకులు. రోలింగ్ ఆఫ్‌సెట్‌కు రెండు ఎల్బోలు, నాలుగు అతుకులు చాలు. మలుపు దగ్గర నీటి బలం తగ్గుతుంది కదా అంటే, అది అసలు కారణం కాదు. సెకనుకు 1 మీటరు వేగంలో ఒక్కో ఎల్బో తినే ఎత్తు కొద్ది సెంటీమీటర్లే. భయపడాల్సింది అతుకులకు. నీళ్లు రోజుకు కొన్ని గంటలే వదిలే ఊళ్లో, కట్టేశాక గొట్టంలో పీడనం పడిపోతుంది. అప్పుడు కారే అతుకు చుట్టూ మురుగు నిలిచి ఉంటే అది లోపలికి చేరుతుంది. ఒక్క అతుకు తగ్గించినా తాగేవాళ్ల ఆరోగ్యానికి మేలే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 6 అంగుళాల ఉక్కు గొట్టం 600 మి.మీ. పైకి లేవాలి, 450 మి.మీ. కుడి పక్కకు జరగాలి, ఆపైన పాత దిశలోనే సాగాలి. గొట్టం సాగే దిశలోకి చూస్తే ఈ రెండూ లంబకోణం చేసే రెండు భుజాలు. అసలు జరగాల్సిన దూరం కర్ణం. 600 వర్గం, 450 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 750. ఇంటి పునాదికి మూలమట్టం చూసే తాపీమేస్త్రి వాడే 3, 4, 5 కొలతలే ఇవి.

గొట్టం మాత్రం ఆ 750 మి.మీ. ఎక్కుతూనే ముందుకు కూడా సాగుతుంది. 45 డిగ్రీల ఎల్బో వాడితే ఎంత జరుగుతుందో అంతే ముందుకు పోతుంది, అంటే మరో 750. ఈ రెండూ భుజాలుగా ఇంకో లంబకోణ త్రిభుజం. దాని కర్ణమే వాలు ముక్క: 750ని 1.414తో గుణిస్తే 1060 మి.మీ. ఒక గదిలో కింది మూల నుంచి ఎదుటి పై మూలకు తాడు లాగితే వచ్చే పొడవు లాంటిదే ఇది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ అందులో కలిసిపోతాయి.

ఆ 1.414 అంటే 2 వర్గమూలం. తెలుగునాట ఎక్కువగా అనుసరించే ఆపస్తంబుడి శుల్బసూత్రాల్లోనూ, అంతకు ముందరి బౌధాయనుడి సూత్రాల్లోనూ యజ్ఞవేదికలు కొలవడానికి దీని విలువ ఉంది: 1కి మూడో వంతు కలిపి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలిపి, అందులో 34వ వంతు తీసేయాలి. అది 577ను 408తో భాగించిన విలువ, 1.4142157. మన గొట్టాన్ని ఈ విలువతో కోస్తే వచ్చే తేడా మిల్లీమీటరులో ఐదు వందో వంతు కూడా ఉండదు.

1060 అనేది ఎల్బో మధ్య నుంచి ఎల్బో మధ్యకు. కోసేది అంత కాదు. 6 అంగుళాల 45 డిగ్రీల లాంగ్ రేడియస్ ఎల్బోలో మధ్య నుంచి అంచుకు 95 మి.మీ. రెండిటికీ 190, వెల్డింగ్ సందులు మూడేసి మిల్లీమీటర్ల చొప్పున 6 తీసేస్తే 864 మి.మీ. కోయాలి. పీవీసీ అయితే ఈ అంకెలు పనికిరావు. గొట్టం ఎల్బోలోకి ఎంత దూరుతుందో చేతిలో ఉన్న ఎల్బోనే కొలిచి చూసుకోవాలి.

పొడవు సరిగ్గా కోసినా పని చెడేది తిప్పడం దగ్గరే. మొదటి ఎల్బో నిట్టనిలువుగా చూడకూడదు, కుడికి ఒరగాలి. ఎంత ఒరగాలో 450ని 600తో భాగిస్తే తెలుస్తుంది: 0.75, అంటే దాదాపు 37 డిగ్రీలు. కోణమాపకం లేకపోయినా టేపు చాలు. గొట్టం బయటి వ్యాసం 168 మి.మీ., చుట్టుకొలత సుమారు 528. అందులో 360కి 37 వంతులంటే 54 మి.మీ. స్పిరిట్ లెవెల్‌తో గొట్టం నడినెత్తిన గుర్తు పెట్టి, అక్కణ్నుంచి ఒంపు మీదుగా కుడికి 54 మి.మీ. కొలిచి ఇంకో గుర్తు పెడితే, ఎల్బో చూడాల్సిన వైపు అదే. రెండో ఎల్బో సరిగ్గా దీనికి ఎదురు దిక్కుకు, అదే వాలు తలంలో తిరగాలి. 5 డిగ్రీలు తప్పితే అవతలి కొస 65 మి.మీ. పక్కకు పోతుంది, పిట్టగోడ మీది క్లాంపు అందదు. అందుకే ముందు ట్యాక్ వెల్డింగ్ పెట్టి, పై గొట్టం కింది గొట్టానికి సమాంతరంగా ఉందని చూశాకే పూర్తి వెల్డింగ్ చేస్తారు.

గట్టు ఇరుకైతే 750 మి.మీ. ముందుకు సాగే చోటు దొరకదు. 90 డిగ్రీల ఎల్బో కోసి 60 డిగ్రీలు చేసుకుంటే వాలు ముక్క 866 మి.మీ., ముందుకు 433 చాలు. కానీ మలుపు పెరిగేకొద్దీ నీటి తోపు పెరుగుతుంది. ట్యాంకు నింపే పంపు లైనులో చదరపు సెంటీమీటరుకు 4 కిలోల పీడనం ఉందనుకుంటే, 150 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో 90 డిగ్రీల మలుపును నీరు దాదాపు 1000 కిలోల బలంతో బయటికి నెడుతుంది. 45 డిగ్రీల మలుపు మీద ఆ బలం 540 కిలోలు. వేసవిలో పగుళ్లిచ్చి వానకు ఉబ్బే డెల్టా నల్లరేగడిలో, రబ్బరు రింగు అతుకులున్న గొట్టమైతే కాంక్రీటు దిమ్మె లేకుండా ఆ తోపును ఆపడం కష్టం. చోటుంటే నేను 45 వైపే ఉంటాను. దాటే భాగం అన్నిటికన్నా ఎత్తు కాబట్టి గాలి అక్కడే చేరుతుంది. పైన ఎయిర్ వాల్వ్ తప్పదు.

అవతలి గట్టున దిగేటప్పుడు ఇవతలి ముక్కకు జత ముక్క కోస్తే కుదరకపోవచ్చు. పూడిక తీసినప్పుడల్లా మట్టి పోసే గట్టు ఒకటి, పోయని గట్టు ఒకటి. రెండూ ఒకే ఎత్తున ఉండవు. అవతల దిగుడు 500 మి.మీ. మాత్రమే ఉండి, పక్కకు అదే 450 అయితే, కర్ణం 673, వాలు ముక్క 951, కోత 755 మి.మీ. తిప్పాల్సింది 42 డిగ్రీలు, టేపు మీద 62 మి.మీ.