స్పీకర్ బొమ్మలో గుంట ఎందుకు బుడిపెలా కనిపిస్తుంది? అపోహలు – వాస్తవాలు

వినాయక చవితి దగ్గర పడితే విశాఖలో బ్యానర్లు డిజైన్ చేసేవాళ్లకు నిద్ర ఉండదు. గాజువాకలో భారీ విగ్రహాలు లేచే రోజులవి. సౌండ్ సర్వీసుల వాళ్లకు బ్యానర్లు కావాలి, వాటి మీద డీజే బాక్సులు ఉండాలి, అవి అచ్చం నిజమైనవాటిలా కనిపించాలి. ఈ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఓపిక ఉంది, సాఫ్ట్‌వేర్ మీద పట్టు ఉంది. వాళ్లను వెనక్కి లాగుతున్నవి కొన్ని నమ్మకాలు మాత్రమే.

అపోహ: వెలుగు ఎడమ పైనుంచి పడుతోంది కాబట్టి స్పీకర్ కోన్ ఎడమ పైభాగం తెల్లగా, కుడి కిందిభాగం నల్లగా ఉండాలి.

ఎక్కువ బొమ్మల్ని పాడుచేసేది ఇదే. బంతికైతే ఆ లెక్క సరిపోతుంది. కానీ కోన్ లోపలికి దిగిన గరాటు. ఎడమ పైనుంచి వచ్చే వెలుగు తనకు ఎదురుగా ఉన్న గోడ మీద, అంటే కుడి కింది గోడ మీద పడుతుంది. నీడ నిలిచేది ఎడమ పై గోడ మీద. మధ్యలో ఉండే డస్ట్ క్యాప్ చాలా స్పీకర్లలో బయటికి ఉబ్బి ఉంటుంది, దానికి మాత్రం బంతి లెక్కే. అంటే పక్కపక్కనే ఉన్న ఈ రెండింటికీ వెలుగునీడలు ఎదురెదురుగా రావాలి. కోన్ చుట్టూ ఉండే రబ్బరు అంచు మరీ జాగ్రత్తగా చూడాల్సిన చోటు. అదొక ఉబ్బెత్తు వలయం: ఎడమ పైభాగంలో దాని బయటి వాలు మెరుస్తుంది, కుడి కిందికి వచ్చేసరికి లోపలి వాలు మెరుస్తుంది.

వెలుగు పైనుంచే వస్తుందన్న అంచనాతోనే మన మెదడు నీడల్ని చదువుతుంది. అందుకే నీడ తారుమారైతే గుంట కాస్తా బుడిపె అవుతుంది. చూసేవాడు ఏదో తేడాగా ఉందంటాడు, అదేమిటో చెప్పలేడు. గీసినదాన్ని 180 డిగ్రీలు తిప్పి చూడండి. అప్పుడు కోన్ ఉబ్బినట్టు, క్యాప్ లోపలికి పోయినట్టు అనిపిస్తే మీరు సరిగ్గానే గీశారు.

ఫోటోషాప్‌లో బెవెల్ అండ్ ఎంబాస్ పెడితే త్రీడీ దానంతట అదే వచ్చేస్తుందని కూడా అంటుంటారు. ఆ లేయర్ స్టైల్ అంచులకు మందం చూపిస్తుంది, అంతే. కోన్ ఎంత లోతో దానికి తెలియదు. ఫోటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వస్తే, లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. ఆ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకోండి: కోన్, రబ్బరు అంచు, క్యాప్, స్క్రూలు దేనికదే వేరు లేయర్‌లో ఉంచి ఒక్కోదానికి విడిగా గ్రేడియంట్ ఇవ్వండి. స్టైల్స్ వాడితే ‘యూజ్ గ్లోబల్ లైట్’ టిక్ తీయకండి. లేకపోతే ఒకే బాక్స్ మీద రెండు మూడు దిక్కుల నుంచి వెలుగు పడుతుంది.

అపోహ: బాక్స్ నలుపే కదా, శుద్ధ నలుపు నింపేస్తే చాలు.

సున్నా దగ్గర మొదలుపెడితే నీడ వేయడానికి చోటే మిగలదు. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, పడవలు ఒరుసుకోకుండా జెట్టీ గోడకు కట్టిన పాత టైర్లను ఎండలో చూడండి. రబ్బరు నలుపు మీద వెలుగు వెడల్పుగా, మసకగా, బూడిద రంగులో పరుచుకుంటుంది. పక్కనే పడవకు వేసిన నల్ల ఎనామెల్ మీద సన్నని తెల్లటి గీతై మెరుస్తుంది. రెండూ నలుపే, పదార్థాలే వేరు. పేపర్ కోన్, రబ్బరు అంచు, రంగు వేసిన చెక్క పెట్టె విషయంలోనూ అంతే. 0–255 కొలతలో పెట్టెకు 30–45 మధ్య ఛాయ ఇచ్చి, సున్నాను గాలి రంధ్రానికీ సందులకీ దాచుకోవాలని నా సలహా. ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రకటించింది విశాఖలోనే. ఫ్లెక్సీ బదులు బ్యానర్‌ను గుడ్డ మీద అచ్చు వేయించేటట్టయితే ఇంకు పీల్చుకుని ముదురు ఛాయలన్నీ ఒకటైపోతాయి. అప్పుడు వాటిని ఇంకాస్త లేతగా చేయాలి.

లోహమంటే వెండి రంగు అనుకోవడం ఉక్కు నగరంలో అసలు కుదరని మాట. స్టీల్ ప్లాంట్ నుంచి ట్రైలర్ల మీద వెళ్లే వైర్ రాడ్ చుట్టలు మసక బూడిద రంగులో ఉంటాయి. వేడి మీద సాగదీసినప్పుడు పైన కట్టే ఆక్సైడ్ పొర రంగు అది. నునుపైన లోహంలో మనకు కనిపించే మెరుపు చాలావరకు చుట్టూ ఉన్నవాటి ప్రతిబింబమే. లేత్ మీద తిప్పిన అల్యూమినియం క్యాప్ మీద సన్నని వలయాకార గీతలుంటాయి. అందువల్ల వెలుగు మధ్య నుంచి ఎదురెదురుగా రెండు విసనకర్రల్లా విచ్చుకుంటుంది. ఫోటోషాప్‌లో యాంగిల్ గ్రేడియంట్‌తో తెలుపు, బూడిద ఛాయలు మార్చి మార్చి ఇచ్చి, పైన నాయిస్ వేసి, రేడియల్ బ్లర్‌ను స్పిన్‌లో పెడితే ఆ గీతలు వస్తాయి.

ఖరీదైన సాఫ్ట్‌వేర్, పెన్ టాబ్లెట్ లేకపోతే కుదరదన్నది నిజం కాదు. బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన గింప్ ఉచితం. స్పీకరంటే వృత్తాలు, సరళ రేఖలు. మౌస్ చాలు.

అపోహ: ఎదురుగా గీసిన స్పీకర్‌ను అడ్డంగా నొక్కితే పక్క నుంచి చూసినట్టు ఉంటుంది.

భాగాలన్నీ ఒకే లోతులో ఉంటే అలాగే ఉండేది. కుడి వైపు నుంచి చూసినప్పుడు కోన్ ఎడమ గోడ ఎక్కువగా కనిపిస్తుంది, లోపల ఉన్న క్యాప్ కుడి అంచు వైపు జరుగుతుంది. అందుకే క్యాప్ లేయర్‌ను పట్టుకుని కుడికి జరపాలి.

పెద్ద బ్యానర్‌కు 300 డీపీఐ తప్పనిసరి అనేవాళ్లు ఒకసారి లెక్క వేయాలి. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తుకు అది 72,000 × 36,000 పిక్సెళ్లు. పీఎస్‌డీ ఫైలు పరిమితి ఒక్కో వైపు 30,000 పిక్సెళ్లే. దూరం నుంచి చూసే బ్యానర్‌కు 72 సరిపోతుంది: 17,280 × 8,640.

ఇక, నెట్‌లో దొరికే ఫోటోలు అందరివీ అనే భ్రమ. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు దాన్ని తీసినవారి జీవితకాలమంతా, ఆ తర్వాత మరో 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. బాక్స్ మీది కంపెనీ లోగో ట్రేడ్‌మార్క్ కిందికి వస్తుంది. బొమ్మ సొంతంగా గీసినంత మాత్రాన ఆ లోగో మీది కాదు. ఆ చోట సౌండ్ సర్వీసు వాళ్ల పేరే వేయండి, బ్యానర్ కట్టించుకునేది వాళ్లే కదా.