పగడానికి కావలసింది సముద్రం కాదు, నిలకడ

పేరాల నుంచి వాడరేవు ఎంతో దూరం కాదు కాబట్టి, ఇంట్లో గాజు తొట్టెలో రాతి పగడాలు పెంచడం హైదరాబాద్ వాళ్లకన్నా ఇక్కడివాళ్లకే తేలికని ఎవరైనా అనుకోవచ్చు. తేలికే కావచ్చు గానీ దానికి కారణం సముద్రం కాదు. బాపట్ల తీరంలో రొయ్యలు పెంచేవాళ్లకు నీటి పరీక్షలు అలవాటు. పగడాల పోషణకు అక్కరకొచ్చే చదువు అదే.

రాతి పగడం రాయిలా కనిపించినా జంతువే. నీటిలోని కాల్షియాన్నీ కార్బొనేట్‌నూ తీసుకుని తన కింద సున్నపు గూడు కట్టుకుంటూ పోతుంది. దాని కండలో కాపురముండే సూక్ష్మమైన నాచు వెలుతురును ఆహారంగా మార్చి ఎక్కువ వాటా దానికే పెడుతుంది. అందుకే కొత్తవాళ్లు ముందు ఖరీదైన లైట్ల మీద డబ్బు పోస్తారు. లైటు కావాలి, కాదనలేం. కానీ చాలా తొట్టెల్లో పగడాన్ని చంపేది చీకటి కాదు, రోజుకో రకంగా మారే నీరు. ఉప్పు 35 పీపీటీ, వేడి 25-26 డిగ్రీలు, కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1300, ఆల్కలినిటీ 140-150 దగ్గర ఉంచితే చాలు. అంకె కాస్త అటూఇటూ అయినా ఓర్చుకుంటుంది గానీ ఊగిసలాటను ఓర్చుకోదు. వీటిలో రోజూ చూడవలసింది ఆల్కలినిటీ, అంటే నీటిలోని కార్బొనేట్ నిల్వ. పగడం గూడు కట్టేటప్పుడు 50 పీపీఎం ఆల్కలినిటీని వాడితే కాల్షియం తగ్గేది 20 పీపీఎం మాత్రమే. అంటే మొదటిది మూడో వంతు పడిపోయేసరికి రెండోది ఇరవయ్యో వంతే తగ్గి, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. రొయ్య మోల్టింగ్ కోసం ఇవే పరీక్షలు చేయించే రైతుకు ఈ లెక్క విప్పి చెప్పనక్కర్లేదు.

హేచరీలన్నీ సముద్రపు నీటితోనే నడుస్తున్నాయిగా, ఇంటికి ఓ డ్రమ్ము తెచ్చుకుంటే పోదా అని అడగవచ్చు. హేచరీవాళ్లు ఆ నీటిని నిలవబెట్టి, వడకట్టి, క్లోరిన్ వేసి, మళ్లీ ఆ క్లోరిన్ పోగొట్టి గానీ వాడరు. పైగా వనామీ రొయ్య దాదాపు మంచినీటి నుంచి చిక్కటి ఉప్పునీటి దాకా దేన్నైనా తట్టుకునే మొండిది. పగడం అలాంటిది కాదు. మన తీరానికి గోదావరి, కృష్ణ నీటితో పాటు బురదనూ తెస్తాయి. వానలు వెనకబట్టాక, అక్టోబరు నుంచి, బంగాళాఖాతపు ప్రవాహం పైనుంచి తేలికపాటి ఉప్పునీటిని దక్షిణానికి తోస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది; అలాంటి వారంలో డ్రమ్ము నింపుకున్నవాడి పగడం గతి ఊహించవచ్చు. అంత పెద్ద నదులు కలవని మన్నార్ సింధుశాఖలో పగడపు దిబ్బలున్నాయి, మన దగ్గర అలాంటివి లేకపోవడం వింతేమీ కాదు. ఆర్వో నీటిలో కృత్రిమ సముద్రపు ఉప్పు కలుపుకోవడం ఖర్చే, కానీ జూన్‌లో కలిపినా డిసెంబరులో కలిపినా నీరు ఒకటే.

మన ఎండలు ఇంకో చిక్కు. సముద్రంలోనైనా మామూలు వేసవి వేడికి ఒక్క డిగ్రీ మించి కొన్ని వారాలు నిలిస్తే పగడం తన నాచును బయటికి వెళ్లగొట్టి తెల్లబోతుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లో జరిగిందదే. ఇక చీరాల మే నెలలో చిల్లర్, దానికో ఇన్వర్టర్ లేకుండా తొట్టె నిలవదు. ఆవిరైన నీటికి బదులు పోయాల్సింది ఉప్పునీరు కాదు, ఉత్త ఆర్వో నీరు. ఉప్పు ఆవిరి కాదు కదా.

ఇంతా చేసి, పేరాలలో ఈ తొట్టె పెట్టకూడదు. 2001లో రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికున్న రక్షణే వాటికీ ఉంది. సముద్రం నుంచి విరిచినా, అమ్మినా నేరమే. తొట్టెలోనే పెరిగిన పగడం నుంచి ముక్క కోసి పెంచితే సముద్రానికొచ్చిన నష్టమేమిటని అభిమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో తెలుగువాళ్లయినా మరెవరైనా అలా పెంచిన ముక్కల్నే కొనుక్కోవచ్చు. దేశం దాటాలంటే మాత్రం అక్కడా సైటిస్ (అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం) అనుమతి కావాలి. అయితే తొట్టెలో కోసిన ముక్కనూ మన్నార్‌లో విరిచిన కొమ్మనూ ఒకే పళ్లెంలో పెడితే అటవీ అధికారికి తేడా తెలియదు. పెంపకాన్ని ముక్కముక్కకూ నమోదు చేసే పద్ధతి గట్టిగా నిలదొక్కుకునే దాకా, మొత్తం జాతినే గీత లోపల ఉంచడం తప్ప చట్టానికి మరో దారి లేదనే నా అభిప్రాయం.