చిన్న కంప్యూటరుకు చాలినంత విద్యుత్తు

అరచేతిలో ఇమిడెడి ఒకే పలకపై కంప్యూటరు అంతయు అమర్చిన యంత్రములను విద్యార్థులును, ఉత్సాహవంతులైన యువకులును ఇప్పుడు విరివిగా వాడుచున్నారు. ఇంగ్లండులో రూపొంది, 2012 ఫిబ్రవరి 29వ తేదీన అమ్మకమునకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వీనిలో ప్రసిద్ధమైనది. పిల్లలకు కంప్యూటరు విద్యను చౌకగా అందించుటయే దీని మొదటి ఉద్దేశము. మన దేశమున 2016లో ప్రారంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద పాఠశాలలలో వెలసిన టింకరింగ్ ప్రయోగశాలలందును విద్యార్థులు ఎలక్ట్రానిక్ పరికరములతో ప్రయోగములు చేయుచున్నారు.

ఇట్టి యంత్రము ఒకనాడు పని మానినచో, అది చెడిపోయినదనియు, క్రొత్తది కొనుటకు సొమ్ము కావలెననియు అర్జీ మీ ముందుకు రావచ్చును. సొమ్ము మంజూరు చేయుటకు ముందు, యంత్రమునకు చాలినంత విద్యుత్తు అందుచున్నదా అని అడుగవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము. పలకలో ఏ లోపము లేకున్నను, విద్యుత్తు చాలక అది ఆగిపోవుట తరచు జరుగును.

లక్షణములు

యంత్రము దానంతటదియే ఆగి మరల మొదలగుట, పని మందగించుట, తగిలించిన పరికరములు మధ్యలో తెగిపోవుట విద్యుత్తు లోపమునకు చిహ్నములు. తెర పైమూలలో మెరుపు గుర్తు గాని, వోల్టేజి తక్కువైనదను హెచ్చరిక గాని కనిపించిన ఇక సందేహమే అక్కరలేదు. మూడవ, నాలుగవ నమూనాలలో వోల్టేజి సుమారు 4.63కు దిగినప్పుడు ఈ హెచ్చరిక వచ్చును. దీనిని ఉపేక్షింపరాదు. సమాచారమును వ్రాయుచున్న సమయమున విద్యుత్తు తప్పినచో మెమరీ కార్డు పాడై, విద్యార్థులు నెలల తరబడి చేసిన పని ఒక్క క్షణములో పోవచ్చును.

కారణము

ఈ యంత్రము 5 వోల్టులపై నడచును. కావలసిన కరెంటు నమూనాను బట్టి మారును. 2016 నాటి మూడవ నమూనాకు 2.5 ఆంపియర్లు, 2019 నాటి నాలుగవదానికి 3 ఆంపియర్లు, 2023 నాటి అయిదవదానికి 5 ఆంపియర్లు ఈయగల అడాప్టరును వాడవలెనని తయారీదారులు సూచించిరి.

కాలువ మొదట నీరు నిండుగా పారినను, కాలువ సన్ననిదైనచో చివరి చేనికి నీరందదు. కేబులు సంగతియు అట్టిదే. కేబులులోని పోవు తీగ, వచ్చు తీగ రెండింటి నిరోధము కలిసి 0.2 ఓములనుకొందము. యంత్రము 0.6 ఆంపియరు మాత్రమే తీసికొనునప్పుడు తీగలో పోవునది 0.12 వోల్టు. పని పెరిగి 3 ఆంపియర్లు తీసికొన్నప్పుడు పోవునది 0.6 వోల్టు. అడాప్టరు వద్ద 5.1 వోల్టులున్నను యంత్రమునకు 4.5 మాత్రమే చేరును. ఊరక ఉన్నప్పుడు చక్కగా నున్న యంత్రము పని మొదలిడగనే ఆగుటకు ఇదియే కారణము.

పరీక్షించు క్రమము

1. అడాప్టరుపై ముద్రించిన అంకెలను చదువవలెను. ఫోను చార్జరుపై పెద్ద వాట్ల సంఖ్య ఉన్నంత మాత్రమున చాలదు. ఆ సంఖ్య తరచు 9 లేక 12 వోల్టుల వద్ద లెక్కించినది. 5 వోల్టుల వద్ద అది ఎన్ని ఆంపియర్లు ఈయగలదో చూడవలెను.

2. కేబులును మార్చి చూడవలెను. పొట్టిదై, లోపలి తీగలు లావుగా నున్న కేబులు మేలు.

3. తగిలించిన పరికరములన్నిటిని తీసివేసి, ఒక్కొక్కటిగా మరల తగిలింపవలెను. ఏది తగిలించినప్పుడు లోపము వచ్చునో తెలియును. డిస్కు వంటి ఎక్కువ కరెంటు కోరువానికి ప్రత్యేక విద్యుత్తు గల హబ్బును వాడవలెను. అయిదవ నమూనాకు 3 ఆంపియర్ల అడాప్టరు తగిలించినచో, యు.ఎస్.బి. పరికరములన్నిటికి కలిపి 0.6 ఆంపియరు మాత్రమే లభించును.

4. విద్యుత్తు లోపమును నమోదు చేయు ఏర్పాటు యంత్రమునందే కలదు. ‘గెట్ త్రాటిల్డ్’ అను ఆజ్ఞనిచ్చి ఉపాధ్యాయులు దానిని చూడవచ్చును. జవాబు సున్నయైనచో, ఈసారి యంత్రమును మొదలిడిన నాటినుండి విద్యుత్తు లోపము నమోదు కాలేదని గ్రహింపవలెను.

5. ఇన్నియు సరిగా నుండియు యంత్రము మొదలు కానిచో, క్రొత్తగా సిద్ధపరచిన వేరొక మెమరీ కార్డును పెట్టి చూడవలెను. అప్పటికిని ఫలితము లేకున్న మాత్రమే పలకను అనుమానింపవలెను.

జాగ్రత్తలు

అడాప్టరును విప్పరాదు. దానిలోనికి వచ్చునది ప్రాణాపాయకరమైన 230 వోల్టుల విద్యుత్తు. గోడ ప్లగ్గు వదులుగా నున్నచో ఎలక్ట్రీషియనుచేతనే సరిచేయింపవలెను. పలకపైగల పిన్నులకు నేరుగా విద్యుత్తునిచ్చుట అనుభవము లేనివారు చేయరాదు. ధన ఋణములు తారుమారైనచో పలక కాలిపోవచ్చును. పని ముగిసినపుడు ఆజ్ఞ ద్వారా యంత్రమును ఆపిన పిమ్మటనే స్విచ్చి తీయవలెను. కరెంటు తరచు పోవుచోట తగిన చిన్న యు.పి.ఎస్. అమర్చుటయు, ముఖ్యమైన పనికి వేరొక ప్రతిని దాచుటయు అవసరము.

కేబులు మార్చిన తీరెడి లోపమునకు పలకనే మార్చుట ప్రజాధనమునకు నష్టము. పైగా, కారణము అట్లే ఉండుటచే క్రొత్త పలకయు అదే విధముగా ఆగిపోవును. కావున అర్జీతోపాటు అడాప్టరు, కేబులు, కార్డు మార్చి చూచిన వివరములను గూడ తెలుపుమని కోరుట మంచిది. అట్లు చేసినచో గ్రామ నిధికి ఆదాయును, విద్యార్థులకు లోపమును క్రమముగా వెదకు శిక్షణయు కలుగును.