కుదుపు తెలియని సవారీ

తరగతిలో అమరకోశం చెబుతూ, గుర్రపు నడకలు అయిదు రకాలని అనగానే పిల్లలు నవ్వుతారు. "నడకకు ఇన్ని పేర్లెందుకండీ?" అని వారి ప్రశ్న. గుర్రమెక్కినవాడి నడుము నడిగితే చెబుతుంది!

సాధారణంగా గుర్రం జోరందుకున్నప్పుడు ఎదురెదురు కాళ్ళు జంటగా లేస్తాయి. అడుగుకూ అడుగుకూ మధ్య నాలుగు కాళ్ళూ ఒక్క లిప్తపాటు గాలిలో వుంటాయి. అందుకే రౌతు జీనుమీద ఎగిరెగిరి పడతాడు. అమెరికాలోని టెన్నెస్సీ వాకింగ్ హార్స్ అనే జాతికి ఈ కుదుపు లేదు. దాని కాళ్ళు ఒకదాని వెనుక ఒకటిగా నేలకు ఆనుతాయి. వెనుక కాలు ముందరికాలి జాడను దాటి పడుతుంది. తల తాళం వేస్తున్నట్టు ఊగుతుంది. గంటకు 10 మైళ్ళ వేగంలో కూడా సవారీ ఉయ్యాలలా వుంటుందంటారు.

19వ శతాబ్దంలో టెన్నెస్సీ భూస్వాములు రోజంతా చేలల్లో తిరగడానికి ఈ గుర్రాలను పెంచారు. చాళ్ళ మధ్య పైరు తొక్కకుండా నడవడం వీటికి అలవాటు. 1886లో పుట్టిన బ్లాక్ అలన్‌ను ఈ జాతికి మూలపురుషుడిగా లెక్కిస్తారు. పందేలకు పనికిరాదనిపించుకున్న గుర్రమది! 1935లో పెంపకందార్ల సంఘం ఏర్పడి వంశావళి రాయసాగింది. స్వభావం సాధువు కనుక పిల్లలూ, పెద్దవాళ్ళూ, నడుమునొప్పివారూ దీనిమీద నిర్భయంగా ఎక్కుతారు.

ఆ సాధుత్వమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. ప్రదర్శనలలో ముందరికాళ్ళు ఎంత పైకెత్తితే అంత మెప్పు. అందుకని కొందరు గిట్టలపైని చర్మానికి ఆవాల తైలం, కిరసనాయిలు వంటివి పట్టించి, గొలుసులు తగిలించేవారు. నేల తాకితే మంట. ఆ బాధకు గుర్రం కాలు ఎగరేసేది. చూసేవారు చప్పట్లు కొట్టేవారు! దీనిని నిషేధిస్తూ 1970లో అమెరికాలో చట్టం వచ్చింది. అయినా ఆ దురాచారం ఇంకా పూర్తిగా అంతరించలేదు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుందని మన సామెత. ఇక్కడ మెత్తనయినది గుర్రం. దారి తప్పినది రౌతు. మనిషి నడుముకు నొప్పి తెలియకుండా మోసే జంతువుకు మనిషి ఇచ్చిన బహుమానం కాళ్ళ మంట! దాని సహజమైన నడకను మించిన అందం మరేం కావాలి? బహుమతి ఇవ్వవలసింది ఆ నడకకే.